బల్ల దగ్గరికి పోని ఆదివారాలు

మా అమ్మ దేవుణ్ణి నమ్ముకున్న మనిషి అని తాండూరులో మా వాడకట్టంతా తెలుసు. తెలియకుండా ఎలా ఉంటుంది? ఆమె దేన్నీ లోపల దాచుకునేది కాదు. కందిపప్పు గిర్నీలో ఇరవై మంది ఆడవాళ్ళతో కలిసి పప్పు చెరిగేది. మధ్యాహ్నం సద్దిమూట విప్పగానే కళ్ళు మూసుకుని పైకే ప్రార్థన అందుకునేది. జొన్నరొట్టె ఇచ్చినందుకు వందనాలు, పక్కామె మోకాలి నొప్పి తగ్గాలి, గిర్నీ సేటు కొడుక్కి జ్వరం దిగాలి. ఆమె కళ్ళు తెరిచేసరికి మిగతావాళ్ళు సగం తినేసి ఉండేవాళ్ళు.

“మీ దేవునికి చెవుడా ఏందే, గట్ల గట్టిగ అంటవు?” అని ఒకామె ఆటపట్టించేది.

“ఆయనకు మంచిగనె ఇనపడ్తది. నాకే మతిమరుపు. గట్టిగ అనుకుంటె ఎవ్వరిని ఇడువకుండ అడుగుత” అనేది అమ్మ, రొట్టె తుంచుకుంటూ.

సెలవుల్లో నేనూ వెంట పోయేదాన్ని. అమ్మ కళ్ళు మూసుకోగానే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. చిన్నప్పటి నుంచీ నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంట్లో చేసుకోవచ్చు కదా, మనసులో అనుకోవచ్చు కదా అని దారి పొడుగునా సణిగేదాన్ని. నాయిన పద్ధతి నయం. ఆయన నాపరాయి గనిలో బండలు తీసేవాడు. కొత్తగా బండ తెరిచే రోజు గనిలో మేకను కోసి పూజ చేసేవాళ్ళు. అప్పుడు నాయిన కొంచెం ఎడంగా నిలబడి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని, తన ప్రార్థన తాను చేసుకునేవాడు. అందరూ చూసేవాళ్ళు, ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఆ మేక కూర మాత్రం ఇంటికి తెచ్చేవాడు కాదు. ఆయన భక్తిలో నాకు నచ్చనిది అదొక్కటే.

ఇంత బాహాటంగా బతికిన అమ్మ, నెలకొక్కసారి గుడిలో అందరి ముందూ కూర్చుండిపోయేది.

మా వాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. నెలలో మొదటి ఆదివారం గుడిలో ప్రభువు బల్ల. మేము అయ్యగారు అని పిలుచుకునే పాస్టరుగారు తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద రొట్టె ముక్కలూ, ఎండుద్రాక్ష నానబెట్టి పిసికి తీసిన రసమూ పెట్టేవారు. ప్రతిసారీ ముందుగా ఒకటే మాట చెప్పేవారు. “ఎవరితోనన్న మాటలు బందున్నోళ్ళు, ముందుగాల పోయి మాట కలుపుకొని రాండ్రి. అటెన్క బల్ల కాడికి రాండ్రి.” ఆ తర్వాత ఒక్కొక్క వరుసా చాప మీద నుంచి లేచి ముందుకు పోయి మోకరించేది. అమ్మ కూర్చున్న వరుస లేచేది. అమ్మ లేచేది కాదు. మిగతావాళ్ళు ఆమె పక్క నుంచి ఒదిగి ఒదిగి పోయేవాళ్ళు. నాయిన మగవాళ్ళ వైపు నుంచి ఒక్కడే పోయి, తీసుకుని, అమ్మ వైపు చూడకుండా వచ్చి కూర్చునేవాడు.

గుడిలో బల్లకు పోకుండా కూర్చునేది ఎవరో తెలుసా? తాగి కొట్లాడినవాడు, ఒక పెళ్ళాం ఉండగా ఇంకొకతెను తెచ్చుకున్నవాడు, సంఘం వాళ్ళు కొన్నాళ్ళు దూరంగా ఉండమని చెప్పినవాళ్ళు. వాళ్ళ సరసన మా అమ్మ. తోటి పిల్లలు నన్ను అడిగేవాళ్ళు, మీ అమ్మ ఏం చేసిందే అని. ఒకసారి అలా అడిగిన పిల్ల జుట్టు పట్టుకుని వంచాను. ఇంటికి వచ్చి ఆ కోపం అమ్మ మీద చూపించాను.

“పోయి తీసుకోరాదూ? నీ మనసుల ఏమున్నదో ఎవరికి తెలుస్తది?”

“నాకు తెలుస్తది గద. దేవుని బల్ల కాడ అబద్ధమాడుడు నాతోని కాదు బిడ్డా. నా కడుపుల కోపమున్నది.”

ఆ కోపం మా మేనత్త మీద, అంటే నాయిన అక్క మీద.

పోలీసు చర్య జరిగిన ఏడాది, వానాకాలం. అప్పుడు మేము నవాబుపేట వైపు ఒక పల్లెలో ఉండేవాళ్ళం. రజాకార్ల భయానికి జనం ఊళ్ళు వదిలి పోతున్నారు. పని కోసం తాండూరు పోయిన నాయిన అక్కడే చిక్కుకుపోయాడు. అమ్మ నాలుగేళ్ళ నన్ను నడిపించుకుంటూ, ఎనిమిది నెలల తమ్ముణ్ణి చంకనేసుకుని వికారాబాద్ దారి పట్టింది. అక్కడి ఆడపిల్లల బోర్డింగులో మేనత్త వంటామె. ఆమె దగ్గర నాలుగు రోజులు తలదాచుకుందామని అమ్మ ఆలోచన. దారిలో తమ్ముడికి జ్వరం వచ్చింది, ఒళ్ళంతా ఎర్రగా తట్టు పోసింది. మిట్టమధ్యాహ్నానికి బోర్డింగు గేటు దగ్గరికి చేరాం. అత్త గేటు కమ్మీల సందులోంచి చెయ్యి పెట్టి, తమ్ముడి మీద కప్పిన గుడ్డ తొలగించి చూసింది. గేటు తియ్యలేదు.

“లోపట ముప్పై మంది పిల్లలున్నరు, వాళ్ళకు అంటుకుంటది. వాళ్ళ తల్లులు నన్ను నమ్మి ఇడిసిపెట్టిపోయిన్రు” అన్నదట. ఒక చెంబుడు గంజి, రెండు రొట్టెలు గేటు కింది నుంచి జరిపిందట. అమ్మ వాటిని అక్కడే వదిలేసి వెనక్కి నడిచింది. మూడో రోజు తమ్ముడు పోయాడు. ఇదంతా నేను తర్వాత విన్నదే. నాకు సొంతంగా గుర్తున్నది ఒక్కటి, ఆ రొట్టె తినాలని ఉండటం, అమ్మ నా చెయ్యి పట్టి లాగడం.

ఆ తర్వాత మేము తాండూరు వచ్చేశాం. అమ్మ మళ్ళీ మేనత్త ముఖం చూడలేదు. నాయిన ఏడాదికోసారి వికారాబాద్ పోయి అక్కను పలకరించి వచ్చేవాడు, ఆదివారానికి మాత్రం తాండూరులోనే ఉండేవాడు. ఆయన వచ్చాక ఎలా ఉందని అమ్మ అడిగేది కాదు, ఆయన చెప్పేవాడు కాదు.

పదేళ్ళు వచ్చాక నన్ను అదే బోర్డింగుకు పంపారు. మా దగ్గర నా చదువు నాలుగో తరగతితో ఆగిపోయేలా ఉంది. అయ్యగారు చెప్పి అక్కడ చోటు ఇప్పించారు. వద్దంటుందేమో అనుకున్నాను, అమ్మ అనలేదు. రైలెక్కించే ముందు నా జడ బిగిస్తూ, “మంచిగ చదువుకో. ఆమె పెట్టింది తిను, తిండి మీద కోపం పెట్టకు. మాట్లాడుడు మాట్లాడకపోవుడు నీ ఇష్టం” అన్నది.

నా ఇష్టానికి వదిలితే ఇంకేముంది? మాట్లాడలేదు. అత్త సన్నగా, పొడుగ్గా, పొగకు ఎర్రబడిన కళ్ళతో ఉండేది. నన్ను చూసిన మొదటి రోజే గరిటె పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. ఆమె మళ్ళీ దగ్గరికి రాలేదు. గిన్నెలో మాత్రం అందరికంటే ఒక గరిటెడు పప్పు ఎక్కువ వేసేది. నేను ఆమె చూస్తుండగానే ఆ ఎక్కువది పక్కపిల్ల గిన్నెలో ఒంపేదాన్ని. పక్కపిల్ల ఆ కొన్నాళ్ళలోనే కాస్త ఒళ్ళు చేసింది.

అక్కడ మొదటి బల్ల ఆదివారం వచ్చింది. వికారాబాద్ గుడి మా తాండూరు గుడి కంటే పెద్దది. బోర్డింగు పిల్లలం ఒక పక్కన వరుసగా కూర్చున్నాం. మాకింకా బల్లలో పాలుపంచుకునే వయసు రాలేదు, చూడటమే పని. అయ్యగారు వేరే, మాట అదే. మాటలు బందున్నోళ్ళు పోయి కలుపుకొని రాండ్రి. వరుసలు లేస్తున్నాయి. వెనక తలుపు దగ్గర ఒక మనిషి లేవలేదు. తల మీది కొంగు ముందుకు లాక్కుని, నేల చూస్తూ కూర్చుంది. మా అత్త.

నిజం చెప్పాలంటే నాకు సంతోషమైంది. బాగా అయింది అనుకున్నాను. బోర్డింగు పప్పు దొంగిలించి ఉంటుంది, సంఘం వాళ్ళు పట్టుకుని దూరం పెట్టి ఉంటారు. ఈసారి ఇంటికి పోయినప్పుడు అమ్మకు చెప్పాల్సిన మొదటి మాట ఇదే. గుడి బయటికి రాగానే పెద్ద తరగతి అక్కను పట్టుకుని అడిగాను, ఆమె ఏం దొంగతనం చేసింది అని.

ఆ అక్క నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసింది. “దొంగతనమా? ఆమె చేతి గింజ గుడ పక్కకు పోదు. ఎవ్వరు వద్దనలేదు, ఆమెనే పోదు. నేను ఒకటో తరగతిల వచ్చిన, గప్పటి సంది గంతే. అయ్యగారు అడిగిన్రు గుడ. చెప్పదు.”

ఆ సాయంత్రం నేను మొదటిసారి నా అంతట నేను వంటశాలలోకి పోయాను. అత్త చాటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. నేను గుమ్మంలోనే నిలబడి, అత్తా అనకుండా, నమస్కారం లేకుండా, “నువ్వు బల్లకెందుకు పోతలేవు?” అన్నాను.

ఆమె తలెత్తింది. నేను ఆమెతో మాట్లాడిన మొదటి మాట అది. అందుకేనేమో కోప్పడలేదు.

“మీ అమ్మ మనసుల నా మీద ఉన్నది గద బిడ్డా. గది తీరకుండ ఎట్ల పోత?”

“మరి పోయి మాట్లాడరాదూ?”

“ఏ మొకంతోని పోవాలె?” అని మళ్ళీ రాళ్ళు ఏరుకోవడం మొదలుపెట్టింది.

మా అమ్మ కూడా పోదు అని నా నాలుక చివరి దాకా వచ్చింది. చెప్పలేదు. మా అమ్మ గుట్టు ఈమెకెందుకు చెప్పాలి అనుకున్నాను. కానీ ఆ రోజు నుంచి నా గిన్నెలో ఎక్కువైన పప్పు నేనే తిన్నాను.

ఇన్నేళ్ళ తర్వాత తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. అయ్యగారు చెప్పింది రెండు పనులు. బల్లకు రాకుండా ఆగండి, పోయి మాట కలుపుకోండి. ఈ ఇద్దరు ఆడవాళ్ళు మొదటి సగాన్ని ఆరేళ్ళ పాటు ఒక్క నెల తప్పకుండా పాటించారు. రెండో సగం జోలికి పోలేదు. తాండూరుకూ వికారాబాద్‌కూ మధ్య దూరం ఎంత? పొద్దున రైలెక్కితే ఎండ ముదరకముందే దిగొచ్చు.

క్రిస్మస్ సెలవులకు ఇంటికి పోయాను. అమ్మ పొయ్యి ముందు రొట్టె తడుతోంది. చెప్పేశాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

“ఎక్కడ కూసుంటది?”

“ఎన్క, తలుపు కాడ.”

“ఎప్పటి సంది?”

“గప్పటి సందే అంట.”

అమ్మ రొట్టెను పెనం మీద వేసింది. తిప్పడం మరిచిపోయింది. మాడిన రొట్టె నేనే తిన్నాను. నాయిన గని నుంచి వచ్చాక ఆయనకూ చెప్పాను. ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. “రెండు గుళ్ళల్ల ఇద్దరు ఉపాసం కూసున్నరు. నడిమిట్ల నేనొక్కన్నే తినుకుంట ఉన్న” అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నేను చూడటం అదే మొదలు.

కానీ అమ్మ వెంటనే కరిగిపోయిందని అనుకోకండి. రెండు రోజులయ్యాక, “నా కంటె మంచిదాన్నని సూపెట్టుకుంటున్నదా ఏంది?” అని గిన్నెలు ఎత్తేస్తూ పెట్టేస్తూ మండిపడింది. పండుగ పూట కూడా ముఖం ముడుచుకునే ఉంది. గిర్నీలో ఆ వారం ఆమె ప్రార్థన పైకి వినిపించలేదట. పక్కామె ఇంటికి వచ్చి, “మా మోకాళ్ళ సంగతి ఎవరడుగుతరే ఇగ?” అని వాపోయింది. ఆ మాటకు అమ్మ నవ్వింది, నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. సోమవారం బడి తెరుస్తారనగా, శనివారం బయల్దేరాలి. నన్ను దింపడానికి నాయిన సిద్ధమవుతుంటే అమ్మ నా ట్రంకుపెట్టె తన నెత్తి మీదికి ఎత్తుకుంది. “నేను పోత” అన్నది.

రైలు దిగి ఇద్దరం నడిచాం. బోర్డింగు గేటు తెరిచే ఉంది. పిల్లలను దింపే తల్లిదండ్రులు వస్తున్నారు, పోతున్నారు. అమ్మ గేటు దగ్గర ఆగిపోయింది. పెట్టె దించి, దాని పక్కన నిలబడింది. నేను లోపలికి పరుగెత్తి వంటశాలలో ఉన్న అత్తను చెయ్యి పట్టి లాక్కొచ్చాను. ఆమెను నేను ముట్టుకోవడం అదే మొదటిసారి.

ఇద్దరూ గేటుకు చెరో పక్కన నిలబడ్డారు. ముందు అమ్మే మాట్లాడింది, కొట్లాటకు వచ్చినట్టే.

“బల్లకు పోతలేవంట, వదినె?”

అత్త నా వైపు చూసి తల దించుకుంది. “నీ మనసుల ఉన్నది గద.”

“నేను గుడ పోతలేను.”

అత్తకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె అక్కడే నేల మీద కూర్చుండిపోయింది. “తప్పు నాది గద. నువ్వెందుకు కూసున్నవు?”

“కోపం నాది గద” అన్నది అమ్మ.

లోపలికి పోతున్న ఎవరో తల్లి మా వైపు చూస్తూ పోయింది. అమ్మ గేటు కమ్మీని పట్టుకుంది. ఆమె ఈ ఒక్క మాట అడగడానికే ఇంత దూరం వచ్చిందని నాకు ఆమె గొంతు వినగానే తెలిసింది.

“ఒక్కటడుగుత, నిజం చెప్పు వదినె. గియ్యాల గట్లనే పిలగాన్ని తీస్కొని వస్తె, గేటు తీస్తవా?”

తీస్తానంటే అక్కడితో అయిపోయేది. తీస్తానని చెప్పమని నేను మనసులో దేవుణ్ణి అడిగాను. అత్త లోపలికి పోతున్న పిల్లల వైపు చూసింది.

“తియ్యను” అన్నది. “లోపట గిట్లాంటి పిల్లలే గద” అని నన్ను చూపించింది. “గాని నేను బయటికొస్త. పిలగాన్ని నేనెత్తుకొని నీ ఎంబడి నడుస్త. గప్పుడు గది చెయ్యకపోతి. గంజి ఇచ్చి లోపటికి పోయిన. గదే నన్ను తింటున్నది.”

అమ్మ కమ్మీని వదిలి, కిందికి వంగి, ఆడబిడ్డను రెండు జబ్బలూ పట్టి లేపింది. ఇద్దరూ ఏడ్చారు. నేను కూడా ఏడ్చాను, ఎందుకో నాకే సరిగా తెలియకుండా. ఆ పూట అమ్మ అత్తతో పాటు వంటశాలలో కూర్చుని ముప్పై మందికి రొట్టెలు తట్టింది. అక్కడే పడుకుంది.

మర్నాడు బల్ల ఆదివారం. అయ్యగారు ఎప్పటి మాటే చెప్పారు. వెనక తలుపు దగ్గర నుంచి ఇద్దరూ లేచారు. అత్తకు మోకాళ్ళు వంగలేదు, అమ్మ చెయ్యి ఆసరా ఇచ్చి మోకరింపజేసింది. రొట్టె ఇవ్వబోయిన అయ్యగారు అత్తను చూసి ఒక్క క్షణం ఆగారు. ఏమీ అడగలేదు, ఇచ్చారు. గుడిలో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారని నాకు తెలుసు. మొదటిసారి, అందరూ చూస్తున్నందుకు నాకు సిగ్గనిపించలేదు. ఇంకా బాగా చూడండి అనిపించింది.

మధ్యాహ్నం అత్తకు వంట పని ఉంది. అమ్మను స్టేషన్‌లో దింపి రావడానికి నాకు మాత్రం సెలవిచ్చారు. ప్లాట్‌ఫారం మీద బెంచీకి ఆ చివరన ఎవరో కందుల బస్తా మీద కూర్చుని కన్నడంలో మాట్లాడుకుంటున్నారు. మేమిద్దరం ఈ చివరన కూర్చున్నాం. ఆరేళ్ళకు తిన్న రొట్టె ఎలా ఉంటుందో తెలుసుకోవాలని నాకు ఉబలాటం.

“ఎట్లుండెనమ్మా?”

“చప్పగ ఉండె” అన్నది. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు. పట్టాల వైపు చూస్తోంది.

“గిన్నేండ్లు వాడు యాదికొస్తె గా గేటు, మీ అత్త, గదే కనపడేది బిడ్డా. వాని మొకం అగుపడేది కాదు. గియ్యాల బల్ల కాడ కండ్లు మూసుకుంటె వాడొక్కడే అగుపడ్డడు.” రెండు చేతులతో ముఖం కప్పుకుని, అంతమంది మధ్యలో, తమ్ముడు ఆ రోజే పోయినట్టు ఏడ్చింది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. రైలు కూత వినిపించాక కళ్ళు తుడుచుకుని నా వైపు తిరిగింది.

“కింద రెండు పండ్లు వచ్చినయి వానికి. నవ్వితె కనపడేటియి. నీకు యాదికున్నదా?”

నాకు తమ్ముడి నవ్వు కాదు, అసలు ముఖమే గుర్తులేదు.

“ఉన్నదమ్మా” అన్నాను. “మంచిగ యాదికున్నది.”